డాన్యూబు మీది గొలుసుల వంతెన



ఐరోపాఖండమున డాన్యూబు అను మహానది యొకటి కలదు. అది జర్మనీదేశపు నైరృతిభాగమున, నల్లయడవి యను కొండలలో పుట్టి, ప్రధానముగా తూర్పుదిక్కునకు సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి, నల్లసముద్రమున కలియుచున్నది. పది దేశములు ఆ నది నీటిని తాకుచున్నవి. లోకమున మఱి యే నదియు ఇన్ని దేశములకు సొత్తు కాదు. ఆ నదిపై నేను ఓడలో కొన్నిదినములు ప్రయాణము చేసితిని. అందు చివరి దినములలో, ఆస్ట్రియాదేశపు రాజధానియగు వియన్నా మొదలుకొని హంగరీదేశపు రాజధానియగు బుడాపెస్టు వఱకు చూచిన రేవులను గూర్చి ఈనాడు మీకు మనవి చేయుదును. ఆ రేవులలో మేడలు, దేవాలయములు, కోటలు పెక్కులున్నవి. వానినన్నిటిని వర్ణించుట నా యుద్దేశము కాదు. ఆ రేవులనన్నిటిని కలుపునట్టి చరిత్ర యొకటి కలదు. అది యొక వంతెన చరిత్ర. ఏటిని దాటుటకు సుంకము ఎవరు చెల్లింపవలెను, ఎవరు చెల్లింప నక్కఱలేదు అను తగవే ఆ చరిత్రకు మూలము.

డాన్యూబు ఒడ్డున అచ్చటచ్చట అంకెలు వ్రాసిన పలకలు నాటియున్నవి. ఆ దూరములను నది పుట్టినచోటి నుండి కాక, సముద్రమున కలియు చోటి నుండి లెక్కింతురు. వియన్నా దగ్గఱ ఆ లెక్క సుమారు 1,929 కిలోమీటర్లు; బుడాపెస్టు నడుమ 1,647. కావున వియన్నానుండి బుడాపెస్టునకు ఏటిదారిని సుమారు 280 కిలోమీటర్లు. ఓడ సాగినకొలది ఆ యంకెలు తగ్గుచుండును. ప్రయాణము ముగియవచ్చినదని ఆ పలకలే మాకు చెప్పుచుండెను.

వియన్నాలో పెద్ద యోడలు ఆగు రేవు పాతనగరమునకు దూరముగా నుండును. పూర్వము అచ్చట డాన్యూబు అనేకపాయలై పాఱి, వరదలతో పేటలను ముంచుచుండెడిది. 1870 మొదలు 1875 వఱకు శ్రమపడి, ఇంజనీర్లు నదికి తిన్నని క్రొత్తదారి త్రవ్విరి. నగరముచుట్టు ఉన్న పాతకోటగోడలను పడగొట్టింపుమని ఫ్రాంజు యోసెఫు చక్రవర్తి 1857లో ఆజ్ఞాపించెను. ఆ గోడలున్నచోట నేడు వలయమువంటి రాజవీథియు, దానికిరువైపుల మహాభవనములును ఉన్నవి. వచ్చినవారెల్ల వానిని చూచి మెచ్చుకొందురు. నేనును మెచ్చుకొంటిని. కాని నా కథకు సంబంధించినచోటు నగరమునకు ఉత్తరమున నున్న డ్యోబ్లింగు అను పేట. అచ్చటి మానసిక చికిత్సాలయములో హంగరీదేశపు ప్రభువొకడు 1848 మొదలుకొని 1860లో తన ప్రాణమును తానే తీసికొను వఱకును నివసించెను. ఆయన పేరు ఇష్ట్వాన్ సెచెనీ. హంగరీవారు ఆయనను తమ జాతిలో మిక్కిలి గొప్పవారిలో నొకనిగా నెంచుదురు. అంతటివానికి ఆ గతి యెట్లు పట్టినదో చెప్పుటకు ముందు ఆయన కాలపు హంగరీని గూర్చి కొంత చెప్పవలెను.

వియన్నానుండి సుమారు 50 కిలోమీటర్లు దిగువకు పోగా ఎడమవైపున మొరావా అను ఉపనది వచ్చి డాన్యూబులో కలియును. ఆ సంగమమున ఎత్తయిన బండమీద దేవీన్ కోట కలదు. 1809లో నెపోలియను సేనలు దానిని ప్రేల్చివేసెను. నేడు మొండిగోడలు మిగిలియున్నవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట కొలది యేండ్లలోనే ఆ బండక్రింది ఏటియొడ్డు ముండ్లతీగెలతో మూయబడెను. ఆవలిగట్టు ఆస్ట్రియా, ఈవలిగట్టు కమ్యూనిస్టు పరిపాలనలోని చెకోస్లొవేకియా. ఆ ముండ్లతీగెలను దాటబోయి కాల్చబడినవారి జ్ఞాపకార్థము కోటక్రింద ఒక శిలాద్వారము నిలిపియున్నారు. 1989లో ఆ పరిపాలన తొలగగా తీగెలను పెఱికివేసిరి. మేము ఆ చోటిని దాటునప్పుడు ఇరుగట్టులమీదను జనులు సైకిళ్లపై తిరుగుచుండిరి.

తరువాతి రేవు బ్రాటిస్లావా. అది నేడు స్లొవేకియాదేశపు రాజధాని. కాని పూర్వము దీనిని హంగరీవారు పొజోన్ అనియు, జర్మనులు ప్రెస్బుర్గు అనియు పిలిచెడివారు. అది హంగరీరాజ్యములోని పట్టణము. హంగరీ పాతరాజధానియగు బుడాను టర్కీ సుల్తాను 1541లో పట్టుకొనెను. అది మొదలు 1686 వఱకు బుడా తురుష్కుల చేతిలో నుండెను. అందుచేత హంగరీరాజుల పట్టాభిషేకములు 1563 మొదలు 1830 వఱకు ఇచ్చటి మార్టిను దేవాలయమున జరిగెను. 1741లో మారియా తెరెసా అను రాణి ఇచ్చటనే కిరీటము ధరించెను. ఆ దేవాలయపు శిఖరముపై నేటికిని బంగారుపూత పూసిన కిరీటపు ప్రతిరూపము మెఱయుచుండును. రాజ్యసభయు 1848 వఱకు ప్రాయికముగా ఈ పట్టణముననే కూడుచుండెడిది.

ఆ కాలమున హంగరీలో జనులు రెండుతెగలు. భూస్వాములగు ప్రభువులు ఒక తెగ. తక్కినవారు మఱియొక తెగ. ప్రభువులు తమ భూములపై పన్ను చెల్లింపరు. రహదారి సుంకము చెల్లింపరు. యుద్ధము వచ్చినప్పుడు కత్తిపట్టుటయే తమ పన్ను అని వారి వాదము. రాజ్యభారమంతయు రైతులమీదను, పట్టణములలోని వర్తకులమీదను పడుచుండెను. ఏటిని దాటునపుడు కూరగాయలబండితో వచ్చిన రైతు సుంకము చెల్లించును. నాలుగుగుఱ్ఱముల బండితో వచ్చిన ప్రభువు చెల్లింపకయే పోవును. ఇది శతాబ్దములనుండి వచ్చుచున్న హక్కు.

సెచెనీ అట్టి ప్రభువులలో నొకడు. 1791లో మిక్కిలి ధనవంతుల ఇంట పుట్టెను. యౌవనమున గుఱ్ఱపుదళమున పనిచేసెను. 1820 డిసెంబరులో ఆయన తండ్రి వియన్నాలో మరణించెను. అప్పుడు సెచెనీ వియన్నాకు పోవుటకై పెస్టుపట్టణము చేరెను. పెస్టు డాన్యూబునకు తూర్పుగట్టు, బుడా పడమటిగట్టు. రెంటికిని నడుమ ఆనాడు నిలుకడయగు వంతెన లేదు. వేసవిలో పడవలను వరుసగా కట్టి పైన బల్లలు పఱచిన పడవల వంతెన యుండెడిది. చలికాలమున మంచుగడ్డలు కొట్టుకొనివచ్చును గనుక దానిని విప్పివేయుదురు. అప్పుడు నది పూర్తిగా గడ్డకట్టినచో కాలినడకను దాటవలెను. సగము గడ్డకట్టినచో ఎవ్వరును దాటలేరు. తండ్రి యంత్యక్రియలకు పోవలసిన ఆ కుమారుడు ఇంచుమించు వారముదినములు ఆ గట్టున కాచుకొని యుండెననియు, వంతెనను గూర్చిన తలంపు ఆయనకు అప్పుడే కలిగెననియు చెప్పుదురు.

సెచెనీ ఊరకుండు మనుష్యుడు కాడు. 1825లో హంగరీభాషకు ఒక విద్వత్పరిషత్తు కావలెనని రాజ్యసభలో మాట వచ్చినప్పుడు, తన ఒక సంవత్సరపు ఆదాయమును అంతయు దానికి ఇచ్చెదనని లేచి ప్రకటించెను. పిమ్మట పరపతినిగూర్చి 1830లో ఒక గ్రంథము వ్రాసి, ప్రభువుల పాతహక్కులే దేశదారిద్ర్యమునకు కారణమని తన తెగవారికే బుద్ధి చెప్పెను. వారిలో అనేకులు ఆయనపై కోపించిరి. 1832లో వంతెన సంఘమును స్థాపించి, ఇంగ్లండునకు పోయి, అచ్చటి వ్రేలాడువంతెనలను స్వయముగా పరీక్షించెను.

పొజోన్ సభలో వాదము జరిగెను. వంతెనకు డబ్బు కావలెను. ఋణమిచ్చు సాహుకార్లకు రాబడి చూపవలెను. రాబడియనగా సుంకము. సుంకము రైతులే చెల్లించుచో అంతటిపని సాగదు. కావున ప్రభువుగాని, రైతుగాని, వంతెన దాటిన ప్రతివాడును సుంకము చెల్లింపవలెనని సెచెనీ పట్టుపట్టెను. అందు ఆయనకు రెండు లాభములు కనబడెను. ఒకటి, వంతెన లేచును. రెండవది, పన్నుచెల్లింపమను ప్రభువుల గోడలో మొదటి యిటుక కదలును. 1836లో చట్టము పుట్టెను. ప్రభువు చేతినుండి సుంకము పుచ్చుకొను వంతెనపై మేము ఎన్నడును కాలు మోపమని శపథము చేసినవారును కలరని చెప్పుదురు.

చట్టము వచ్చిన రెండేండ్లకు, 1838 మార్చిలో, నది తన మాట చెప్పెను. కరగుచున్న మంచుగడ్డలు పెస్టునకు దిగువ అడ్డుపడి గుట్టగా పేరుకొనగా, వెనుకనుండి వచ్చిన నీరు గట్టుదాటి పట్టణముపై పడెను. నూటయేబదిమందికి పైగా మరణించిరి. పెస్టులో రెండువేలకుపైగా ఇండ్లు కూలెను. పచ్చియిటుకలతో కట్టిన పేదల యిండ్లు మొదట కరగిపోయెను. సెచెనీకి పూర్వమిత్రుడగు మిక్లోష్ వెషెలేనీ యను ప్రభువు తానే పడవ యెక్కి రేయింబవళ్లు మునిగినవీథులలో తిరిగి జనులను కాపాడెను. నేటికిని హంగరీవారు ఆయనను వరదపడవవాడని గౌరవముతో పిలుతురు. వరదకు ప్రభువని, రైతని భేదము లేదు. సుంకపు వాదమున అర్థము కానిది ఆ నీటిలో పెక్కుమందికి అర్థమయ్యెను.

ఇంతలో మా యోడ బ్రాటిస్లావా విడిచి దిగువకు సాగెను. కొంతదూరము పోగా నది పాతదారి విడిచి, ఎత్తయిన గట్టుల నడుమ వెడల్పయిన కాలువలోనికి మేము పోయితిమి. ఆ కాలువచివర గాబ్చికొవో అనుచోట విద్యుచ్ఛక్తికేంద్రమును, పెద్ద లాకులును ఉన్నవి. గోదావరి కృష్ణాకాలువల లాకులను చూచినవారికి వాని పని తెలియును. ఇదియు ఆ విధమే. పరిమాణము మాత్రము వేఱు. ఓడ తొట్టిలోనికి పోగానే వెనుక తలుపు మూయుదురు, నీటిని వదలుదురు, సుమారు 20 మీటర్ల లోతునకు ఓడ మెల్లగా దిగును. ఇరుప్రక్కల తడిసిన గోడలు పైకి పెరుగుచున్నట్లు తోచును. పిమ్మట ముందుతలుపు తెఱచుకొనును.

ఈ కట్టడమును గూర్చియు పెద్దతగవు కలదు. హంగరీయు చెకోస్లొవేకియాయు 1977లో కలిసి రెండు ఆనకట్టలు కట్టుకొనవలెనని ఒడంబడిక వ్రాసికొనిరి. దిగువదానిని హంగరీలో నజ్యమరోష్ అనుచోట కట్టవలసియుండెను. నదిని, త్రాగునీటిని చెఱచునని జనులు ఆందోళనచేయగా, హంగరీ 1989లో పని నిలిపివేసెను. ఆవలివారు 1992లో తమవైపున నదిని కాలువలోనికి మళ్లించిరి. అప్పటినుండి పాతనదిలో నీరు మిక్కిలి తగ్గెను. వ్యాజ్యము హేగునందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయెను. పని విడుచుట హంగరీ తప్పనియు, నీరు మళ్లించుట ఆవలివారి తప్పనియు, ఒడంబడిక చెల్లుననియు, ఇరువురును కూర్చుండి మాటలాడుకొనవలెననియు 1997లో తీర్పు వచ్చెను. నీటితగవులు ఎఱిగిన మనకు ఆ తీర్పు వింతగా తోచదు.

మఱునాటి యుదయమున ఎస్టెర్గోం చేరితిమి. హంగరీకి మొదటి క్రైస్తవరాజగు ఇష్ట్వాన్ పుట్టినయూరు ఇదియే. గుట్టమీద 1822లో ఆరంభించిన మహాదేవాలయము గొప్పగుమ్మటముతో చాలదూరమునకు కనబడును. దాని పాదమున డాన్యూబుమీద ఒక యినుపవంతెన కలదు. ఆవలిగట్టున స్లొవేకియాకు చేరిన ష్టూరొవో అను పట్టణము. ఆ పట్టణమున హంగరీభాష మాటలాడువారే అధికము. మొదటి ప్రపంచయుద్ధముపిమ్మట 1920లో జరిగిన సంధివలన వారి వీథులు వేఱు దేశమున పడెను.

ఆ వంతెనను 1895లో కట్టి మారియా వలేరియా యను రాజకుమారి పేరు పెట్టిరి. 1944 డిసెంబరులో వెనుకకు పోవుచున్న జర్మనుసేన దాని నడిమి మూడు అంతరములను ప్రేల్చివేసెను. రెండుకొసలును నీటిపైకి చేతులు చాచినట్లు మిగిలెను. యుద్ధము ఆఱునెలలలో ముగిసెను. కాని వంతెన 2001 అక్టోబరు వఱకు మరల కట్టబడలేదు. ఇంచుమించు యేబదియేడేండ్లు! ఆ కాలమున అధికభాగము రెండుదేశములును ఒకే కూటమిలో నుండి, తాము సోదరులమని ప్రకటించుకొనుచుండెను. ఇనుము లేక కాదు, ఇంజనీర్లు లేక కాదు. కలుపవలెనను కోరిక పాలకులకు లేకపోయెను. ఈ గట్టునను ఆ గట్టునను బంధువులున్న ముసలివారు విఱిగిన వంతెనను చూచుచుండగనే ఒక తరము గడచిపోయెను. నేను ఆ వంతెనపై ఈ కొసనుండి ఆ కొసకు నడచితిని. అరకిలోమీటరు దూరము. 2007 డిసెంబరులో సరిహద్దు తనిఖీలను ఎత్తివేసిరి, నన్నెవ్వరును ఆపలేదు.

ఎస్టెర్గోం దిగువ కొండలనడుమ నది పెద్దమలుపు తిరిగి, తూర్పుదారి విడిచి దక్షిణమునకు పాఱును. ఆ మలుపున విషెగ్రాద్ కోట కలదు. 1335లో హంగరీ, బొహీమియా, పోలండు రాజులు మువ్వురును అచ్చట కలిసికొని స్నేహము చేసికొనిరి. ఆ జ్ఞాపకముతోనే 1991లో హంగరీ, పోలండు, చెకోస్లొవేకియా నాయకులు అచ్చటనే కూడి సహకారమునకు ఒప్పుకొనిరి. సాయంకాలమునకు బుడాపెస్టు కనబడెను.

కుడివైపున బుడా గుట్టలు, రాజభవనము. ఎడమవైపున పెస్టు మైదానము, 1904లో పూర్తియైన శాసనసభా భవనము. నడుమ గొలుసుల వంతెన. రెండు రాతిగోపురములనుండి ఇనుపగొలుసులు వ్రేలాడుచు దారిని మోయుచున్నవి. రెండు గోపురముల నడుమ అంతరము సుమారు 202 మీటర్లు. ఇరుకొసలందును రాతిసింహములు కూర్చుండియున్నవి. శిల్పి వానికి నాలుకలు మఱచెననియు, సిగ్గుతో నదిలో దూకెననియు ఒక కట్టుకథ కలదు. నాలుకలు ఉన్నవి, శిల్పియు ఆ తరువాత చాలకాలము సుఖముగా జీవించెను.

ఈ వంతెనకు నమూనా వ్రాసినవాడు విలియం టియర్నీ క్లార్కు అను ఆంగ్లేయుడు. దగ్గఱనుండి కట్టించినవాడు ఆడం క్లార్కు అను స్కాట్లండుదేశస్థుడు. పేరొకటేగాని వారు బంధువులు కారు. 1842 ఆగస్టులో శంకుస్థాపన జరిగెను. అదే దశాబ్దమున సెచెనీ టీసా యను నది వరదలను కట్టుదిట్టము చేయు పనికిని పూనుకొనెను. అది ఆరంభమైన 1846వ సంవత్సరమునకు మఱుసటియేడే ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్టపనికి పూనుకొనెను. దూరదేశములందలి జనులు ఒకే కాలమున ఒకే విధమగు కష్టముతో పెనగుచుండిరి.

1848 ఏప్రిలులో పొజోన్ సభ ప్రభువుల పన్నుమినహాయింపును పూర్తిగా రద్దుచేసి, రైతులను వెట్టినుండి విడిపించెను. పండ్రెండేండ్ల క్రిందట వంతెనసుంకముతో కదలిన యిటుకవెంట గోడయంతయు కూలెను. సెచెనీ క్రొత్త మంత్రివర్గమున రహదారులశాఖకు మంత్రి యయ్యెను. ఆ జూలైలో చివరిగొలుసును ఎత్తుచుండగా యంత్రము విఱిగి, పైనున్నవారితోబాటు ఆయనయు నదిలో పడెను, ఈది గట్టుచేరెను. కాని దేశము నానాటికి ఆస్ట్రియాచక్రవర్తితో యుద్ధమునకు దగ్గఱ అగుచుండెను. తాను కదలించిన మార్పు రక్తపాతమున ముగియునను భయముతో ఆయన మనస్సు చెదరెను. సెప్టెంబరులో ఆయనను డ్యోబ్లింగునకు తీసికొనిపోయిరి.

యుద్ధమున ఇరుపక్షములును వంతెనను పాడుచేయజూచెను. ఆడం క్లార్కు, గొలుసులు పాతిన భూగృహములను నీటితో నింపించి, దానిని కాపాడెను. హంగరీ ఓడిపోయెను. 1849 అక్టోబరు 6వ తేదీని మొదటి ప్రధానమంత్రియగు బాత్యానీని పెస్టులో కాల్చిచంపిరి. ఆఱువారములకు, నవంబరు 20వ తేదీని, ఆ తిరుగుబాటును అణచిన సేనాపతియే వంతెనను తెఱచెను. దానిని తలపోసి, చట్టము తెచ్చి, డబ్బు కూర్చిన సెచెనీ పూర్తియైన వంతెనపై ఒక్కసారియైనను నడువలేదు.

1873లో బుడా, పాతబుడా, పెస్టు అను మూడుపట్టణములును కలిసి బుడాపెస్టు అను ఒకే నగరమయ్యెను. వంతెన ముందు, నగరము తరువాత.

మఱునాడు నేను పెస్టుగట్టున శాసనసభా భవనమునకు దిగువ నడచితిని. అచ్చట నీటియంచున ఇనుముతో పోతపోసిన పాదరక్షలు అఱువదిజతలు వరుసగా నిలిపియున్నవి. మగవారివి, ఆడువారివి, పసిపిల్లలవి. 1944–45 చలికాలమున, నాజీలకు తోడైన హంగరీ బాణపుశిలువ కక్షివారు యూదులను ఆ గట్టునకు తోలి, కాళ్లకు తొడిగినవి విప్పించి, కాల్చి నదిలో పడవేసిరి. ఆ జ్ఞాపకముగా 2005లో వానిని నిలిపిరి. కొన్నింటిలో యెవరో పువ్వులుంచిరి. వాని ప్రక్కనుండి తల యెత్తినచో గొలుసుల వంతెన కనబడును. ఆ చలికాలముననే, 1945 జనవరి 18వ తేదీని, జర్మనుసేన దానిని ప్రేల్చివేసెను. నగరమందలి వంతెనలలో ఒక్కటియు మిగులలేదు.

ఈ రెండు సంగతులను నేను వేఱుచేసి చూడలేకపోతిని. 1836 చట్టములో ముఖ్యమైన మాట ప్రతివాడును అనునది. పెద్దవాడు తప్పించుకొనకుండుటకు సెచెనీ ఆ మాటను సాధించెను. నూఱేండ్లు గడచిన పిమ్మట అదే యేటియొడ్డున, నీవు మాలోనివాడవు కావని కొందఱిని లెక్కనుండి త్రోసివేసిరి. మొదట మనుష్యులు లెక్కనుండి పోయిరి. వెంటనే వంతెనయు పోయెను.

హంగరీవారు శిథిలములనుండి దానిని మరల లేపి, సరిగా నూఱేండ్లు నిండిన దినమున, 1949 నవంబరు 20వ తేదీని, తెఱచిరి. ఇటీవల మరల బాగుచేసి 2023లో ముగించిరి. ఇప్పుడు సుంకము లేదు. నేను నడచిన సాయంకాలమున పనిముగించుకొని పోవుచున్న కూలివారును, చేతులు పట్టుకొని పోవుచున్న వృద్ధదంపతులును, పిల్లలను భుజములపై మోయు తండ్రులును నాతో నడచిరి. ఎవని పూర్వులు ప్రభువులో, ఎవని పూర్వులు వెట్టివారో చెప్పుట సాధ్యము కాదు.

పెద్దలారా, చెఱువుగట్టునకో, కాలువ పూడికకో, బాటకో ఊరు చందా వేసికొనునప్పుడు, నాకు మినహాయింపు కలదనువాడు ఒకడైనను లేచుట మనయెడలను వినిపించునదే. అట్టిసమయమున, పెద్దయింట పుట్టియు, మొదట నా సుంకము పుచ్చుకొనుడని తన తెగవారి కోపమునకు ఓర్చిన ఈ మనుష్యుని కథ చెప్పదగినదని తలచి మీకు విన్నవించితిని.